పొల్లుకీ ఒత్తుకీ మధ్య

బేసిన్ బ్రిడ్జి యార్డులో రాత్రి పదకొండుకి
బోగీని బోగీతో కలుపుతున్నారు.
ఆ చప్పుడు మా మేడ మీదికి రెండుసార్లు వస్తుంది:
ఇనుము ఇనుముకి తగిలినప్పుడొకసారి,
ఆ తగలడం వరస చివరిదాకా పాకినప్పుడు ఇంకోసారి.

నా తెర మీద ఒకటే ప్రశ్న
పదహారు రోజులుగా తెరిచే ఉంది.
రెండు రిపోలనీ ఒకటి చేసేద్దామా?

పొల్లు నాది.
అక్షరం ఎక్కడ ఆగాలో చెప్పే నాలుగువేల వరసలు.
ఒత్తు మస్తాన్ వలీది.
ఆగిన అక్షరం కింద ఇంకో అక్షరాన్ని
ఎలా కూర్చోబెట్టాలో చెప్పేది.
నాది లేకుండా అతనిది కదలదు,
అతని పట్టికలు చూడకుండా నాది ఆగలేదు.
ఇద్దరికీ జీతం లేని పనే.
పగలు నేను ఇన్సూరెన్సు కంపెనీకి కోడు రాస్తాను.
రాత్రి అతను రాయపురం ఆస్పత్రిలో బిల్లులు కొడతాడు.

మొన్న నవంబరులో
చెంబరంబాక్కం గేట్లు ఎత్తుతారటని ఊరంతా మేలుకున్న రాత్రి
పొల్లులో ఒక చిన్న తప్పు దిద్ది విడుదల చేశాను.
ఆ వెర్షన్‌ని అతని రిపో అందుకునేసరికి తెల్లారింది.
మధ్యలో ఆరు గంటలు.
సరిగ్గా ఆ ఆరు గంటల్లోనే
సూళ్లూరుపేట నుంచి వచ్చినావిడ డిశ్చార్జి అయింది.
కాగితం మీద ఆమె పేరు
జ్‌యోత్‌స్‌న.
కళ్ళజోడు సవరించుకుని చూసి
"నా పేరే బాబూ, మెట్ల మీంచి జారినట్టుంది" అందట.

అప్పట్నుంచీ మస్తాన్‌ది ఒకటే మాట.
ఒకే ఇల్లయితే ఒకే తలుపు.
తీస్తే ఒకసారే, వేస్తే ఒకసారే.
ఆ ఆరు గంటలు ఉండవు.

నిజమే. కాదనలేను.
కానీ సంధి జరిగినచోట ఒక అచ్చు పోతుంది మస్తాన్.
మేము, ఇద్దరం అని విడిగా అన్నంతసేపూ
ఉకారం బతికే ఉంటుంది.
మేమిద్దరం అనగానే
అదెటు పోయిందో ఎవరూ వెతకరు.
మనలో ఆ ఉకారం ఎవరు?

"చరిత్రంతా ఉంచే కలపొచ్చు, దానికి కమాండ్ ఉంది" అన్నాడు.
ఉంది. తేదీలుంటాయి, పేర్లుంటాయి.
కరెంటు పోయిన రాత్రి ఫోను వెలుగులో
బండి 'ఱ' కోసం రాసిన ఆ రెండు వరసలు
ఏ ఫోల్డర్లో ఏ మూల పడతాయో
అదే తెలీదు నాకు.
చెప్పడానికి సిగ్గేసింది. చెప్పలేదు.

ఇంతలో వ్యాసర్పాడి నుంచి ఎళిలరసి రాసింది.
అక్కా, మా తమిళానికి ఒత్తులు లేవు.
పుళ్ళి పెడితే అక్షరం ఆగుతుంది, అంతే.
మీ పొల్లు ఒక్కటే తీసుకుని
మా బళ్ళో పిల్లలకి యాప్ చేశాను.
అందులో సగం మంది ఫోన్లలో చోటే ఉండదు.
మీరు కలిసిపోతే
ఒక్క చుక్క కోసం
మీ ఒత్తులన్నీ నేను మొయ్యాలా?

మస్తాన్ చాలాసేపు ఏమీ అనలేదు.
మూడు చుక్కలు కదిలాయి, పోయాయి,
మళ్ళీ కదిలాయి.
అవీ పుళ్ళులే అనుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

రెండింటికి ఒక టెస్టు పంపాడు.
ఒకటే వరస. అందులో ఒకటే మాట.
జ్యోత్స్న.
తన దాంట్లోనూ అదే పెట్టుకున్నాడు.
ఇకమీదట నాది మారినా అతనిది మారినా
రెండిళ్ళలోనూ ముందు ఆ పేరు పలకాలి.
పలక్కపోతే ఎవరి తలుపూ తెరుచుకోదు.

ఇది జవాబు కాదని అతనికీ తెలుసు.
ప్రశ్నని మూయలేదు,
పదిహేడో రోజులోకి వచ్చింది.

యార్డులో టార్చి పట్టుకున్న మనిషి
రెండు బోగీల మధ్య నుంచి వంగి బయటికొచ్చాడు.

టెస్టు నడిపాను.
అతని వైపు పచ్చ.
నా వైపు ఎరుపు.
తకారం పొల్లు దగ్గర ఆగిపోయింది,
నేను నాలుగేళ్ళ కింద రాసిన వరసలోనే.

నీళ్ళ సీసా దగ్గరికి లాక్కుని
మళ్ళీ కూర్చున్నాను.