కాజా

గ్రెనోబుల్‌లో రెండు నదులు కలిసే మూల
ఉంగరంలాంటి భవనంలో రాత్రి షిఫ్టు.
పొగలు కక్కే నత్రజనిలోంచి
ఒనొరీన్ స్ఫటికాన్ని పైకెత్తింది.
ఇసుక రేణువు దాని పక్కన బండరాయి.
"తుమ్మకు," అంది నాతో.

అందులో
ఒకదాన్నొకటి పట్టుకున్న జంటలు,
లక్షల కోట్లు, అన్నీ ఒకే తీరులో.
చెప్పే కణం అంచున వేలాడే న్యూరెక్సిన్,
వినే కణం గడపలో నిలబడే న్యూరోలిజిన్.
మధ్యన సందు:
తలవెంట్రుకని నిలువునా నాలుగు వేల పోగులు చీలిస్తే
ఒక్క పోగు దూరేంత.
నా పేరు నాకు గుర్తుండడం కూడా
ఆ సందు దాటి వచ్చిందే.

కిరణం తగిలింది.
తెర నిండా చుక్కలు. చుక్కలే.
గీతలు మనమే గీసుకోవాలి.

నాలుగింటికి ఆకారం కట్టింది.
న్యూరోలిజిన్ని తిప్పి తిప్పి చూసి
"ఇది కత్తెర కదా!" అన్నాను.
దాని దాయాదులంతా కోసే ఎంజైములు,
కబురు చేరీ చేరగానే తుంచి తుడిచేసే రకం.
దీనికీ అదే మడత, అదే గుంట,
పదునొక్కటే లేదు.
ఏ పురుగు పుట్టకముందో
కోయడం మరిచి
పట్టుకోవడం నేర్చింది.

ఒనొరీన్ కాఫీ కింద పెట్టింది.
"మా నాన్న అమెదే చేతితొడుగులు కత్తిరించేవాడు.
మేకపిల్ల తోలు. ఒకే తోలు,
కత్తెర ఎటు తిరిగితే అటు వేరే చెయ్యి.
నీ న్యూరెక్సిన్ జన్యువు లాగే అనుకో.
కార్ఖానా మూతపడ్డాక
ఆ కత్తెరని వంటింటి కిటికీ గొళ్ళెంలో దూర్చాడు,
గాలికి రెక్క కొట్టుకోకుండా.
పాతికేళ్ళయింది. అమ్మ తియ్యనివ్వదు."

జంట నడుమ
పేరు పెట్టని బొట్టొకటి మిగిలింది.
నీరనుకున్నాం.
నీటికంత బరువేదీ?
సున్నం. ఒక్క పరమాణువు కాల్షియం.
అదే బొత్తాం.

పక్క గొట్టంలో, సున్నం లాగేసిన ద్రావణంలో
అవే రెండూ
ఎవరికి వాళ్ళు తేలుతున్నాయి.
పోట్లాట లేదు. చప్పుడు లేదు.

బయట ద్రాక్ నది మీద పొగమంచు.
తాళాలు వేసి
ఎడమ తొడుగు బొత్తాం తనే పెట్టుకుంది.
కుడిది రెండుసార్లు జారింది.
ఏమీ అనకుండా
మణికట్టు నా ముందుకు చాపింది.