లోపలి ప్యాడ్

తెల్లారగట్ల నాలుగింటికి
ఉద్దానం చీకట్లోంచి బయల్దేరుతుంది నా ఈకో.
వారానికి మూడుసార్లు
నలుగుర్ని పలాస ఆసుపత్రి మిషన్ల దగ్గర దించాలి.
నలుగురికీ కలిపి ఒక్క నీళ్ల సీసా,
గుటకలు లెక్కపెట్టుకు తాగుతారు.

నెల్లాళ్ల కిందట మొదలైంది.
బ్రేకు మీద కాలు పెడితే చాలు
గూట్లో పిచ్చుకపిల్ల లాగ కీచుమనేది.
నేను పాట సౌండు పెంచాను.
తర్వాత గరగర.
ఆ తర్వాత
తిరగట్లో గులకరాళ్లు పోసి విసిరినట్టు, గర్ర్ర్.

"బేరింగు పోనాది" అన్నాడు నీలాచలం.
ముప్పై ఏళ్లు కొబ్బరిచెట్లెక్కిన మనిషి,
చక్రాల సంగతి ఆయనకెవరు చెప్పారో.
"సైలెన్సరేమో" అంది దమయంతి.
ఢిల్లేసు ఫోన్లో వెతికి కారణాలు చదివాడు
ఆరోది చదువుతూ నిద్రపోయాడు.
వెనక సీట్లో తులసమ్మ ఏమీ అనలేదు.

టార్చి వేసి చక్రం సందుల్లోంచి నేనూ చూశాను.
ప్యాడ్ వేలెడు మందం ఉంది.
బాగానే ఉంది కదా, అనుకున్నాను.

ఇవాళ వాళ్లు మిషనెక్కాక
నాలుగు గంటలు నావే.
కాశీబుగ్గలో జీడిపిక్కల పొగ ఘాటుగా కమ్మిన సందు,
దుర్యోధన మేస్త్రి షెడ్డు.
పేరుకే దుర్యోధనుడు, ఊదితే ఎగిరిపోతాడు.

బానెట్ ఎత్తబోతే వద్దన్నాడు.
"నువ్వు తోలు, నానింటాను."
అద్దాలు ఎక్కించాడు. పాట కట్టించాడు.
ఎడమకి తిప్పమన్నాడు, కుడికి తిప్పమన్నాడు,
శబ్దం పెరగలేదు, తగ్గలేదు.
"బేరింగు కాదు."
హ్యాండ్ బ్రేకు లాగించాడు. చప్పుడు లేదు.
"ఎనక కాదు."
"ఇప్పుడు బ్రేకొత్తు.
అలాక్కాదు, పసిగుంటని పక్కమీద దించినట్టు."
గర్ర్ర్.
"సాలు" అని చెయ్యెత్తాడు.

జాకీ మీద బండి ఒక కాలెత్తి నిలబడింది.
విప్పి అరచేతిలో పెట్టాడు.
"నువ్వు సూసింది బయటిది. నిజవే, బాగుంది.
లోపలిది సూడు."

లోపలిదానికి పొట్టు కూడా లేదు, ఉత్త ఇనుము.
ఆ ఇనుము గీరిన చోట
డిస్కు మీద నాగేటి చాళ్లు.
"పిన్ను పట్టీసినాది. సముద్రంగాలి, ఉప్పు.
ఒకటే ఒత్తుకుంటాది, అరిగిపోద్ది.
రెండోది దొరబాబునాగ కూకుంటాది."

ఆగి అడిగాడు.
"ముందు కీచుమంది కాదేటి?"
అంది.
"అది సెప్పడం.
ఇది ఏడవడం."

లేత్ మీద డిస్కు తిరిగింది, మెరిసింది.
పిన్నుకి ఎమిరీ కాగితం, గ్రీజు. ప్యాడ్లు కొత్తవి.
రెండువేల ఎనిమిదొందలు తీసుకుని
టీ ఆయనే పోయించాడు.
పాత ప్యాడ్ ఎందుకో జేబులో వేసుకున్నాను.

మధ్యాహ్నం వాళ్లు బయటికొచ్చారు
మోచేతుల మీద దూది, టేపు.
దార్లో మేస్త్రి మాట చెప్పాను
నవ్వుతారనుకుని.
బండి నూనెలో జారినట్టు పోతోంది.
సోంపేట దాటాక
కిటికీ వైపు తిరిగే అన్నాడు నీలాచలం
"మాకేదీ కీచుమన్లేదు, బావూ."
ఢిల్లేసు ఫోను బోర్లించాడు.

బొరివంక సందు మొదట్లో ఆపితే
తులసమ్మ దిగదు.
"ఇంత సప్పుడు లేకండా ఎలా వొచ్చీసినావు?
నీ బండి గర్రుమంటే ఇని
దుప్పటి మడతెట్టి లేసీదాన్ని.
ఎల్లుండి నువ్వొచ్చినావని నాకెలా తెలుస్తాది?"

హారన్ కొడతానమ్మా, అన్నాను.

చెప్పులో కాలు పెట్టుకుంటూ కాసేపు ఆలోచించింది.
"ఒకపాలి కొట్టు. సిన్నగా.
పక్కింట్లో సంటిపిల్ల ఉంది."

నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.
"నెగకపోతే
ఇంకోపాలి కొట్టు."