నలభై మూడో పేజీ

ఆరు కాలేదు. నారాయణగూడ వంతెన కింద
మల్సూరు ఇంకా కట్టలు విప్పుతున్నాడు.
పురికొస పుటుక్కున తెగింది,
నా కడుపులో కూడా ఏదో.

మూడు నెలలుగా ఒకటో తారీకున వస్తున్నాను.
స్కూటీ మీంచి దిగకుండా, ఒక కాలు నేలకానించి
విషయసూచిక చూసి
మడత పడకుండా మళ్లీ అక్కడే పెట్టేస్తాను.
“ఇయ్యాల గుడ కొనవా?” అన్నాడు.
విషయసూచికలో లేదు.
చిన్న కవితలకి అక్కడ చోటివ్వరని నాకప్పుడు తెలీదు.
పోనీలే అని వెనకనుంచి తిప్పాను
రాశిఫలాలు, వంకాయ పచ్చడి,
మోకాళ్ల నూనె ప్రకటన,
ఆ ప్రకటన నెత్తి మీద
నేను.

బండి ఆగిపోయింది. నేను ఆపలేదు.

రోజుకి నలభై పేర్లు రాస్తాను
ఊదా మూత గొట్టం, ఎర్ర మూత గొట్టం,
పేరు, వయసు, పరగడుపా తిన్నాకా.
ఎవరి నెత్తురు మీద వాళ్ల పేరే ఉండాలి,
ల్యాబులో నేర్పిన మొదటి పాఠం.
ఇవాళ నా నెత్తురు మీద నా పేరు,
ఇలాంటి వాక్యం పంపితే సంపాదకుడు కొట్టేస్తాడు,
అయినా అనిపించింది.

తీరా చూస్తే, చిట్యాల పమీల.
క్రావడి లేదు.
సిటీబస్సు తోపులాటలో చెవికమ్మ జారినట్టు
‘ప’ కిందనుంచి ఎక్కడో జారిపోయింది.
గొట్టం మీదైతే ఒక్క అక్షరం తప్పినా
పారబోసి మళ్లీ సూది గుచ్చాలి.
ఇక్కడ ఎవరికి గుచ్చను?
పమీల కూడా బానే ఉంది,
కొంచెం సినిమా పేరులా.

“మూడియ్యి” అన్నాను.
“మూడెందుకు? ఇంట్ల ఫంక్షనా?”
చిల్లర అతని చేతిలోనే మర్చిపోయాను.

విద్యానగర్ సిగ్నల్ దగ్గర సంచి జిప్పు తీసి
ఉందో లేదో చూసుకున్నాను.
ఉంది. ఇంకో సిగ్నల్, ఇంకోసారి.
పచ్చ లైటు ఎప్పుడు పడిందో,
వెనక ఆటో అతను మా తాతలదాకా తిట్టాడు.
తిట్టనీ.

నల్లకుంటలో మొదటి ఇల్లు. వెంకటనర్సు సారు,
ఎనభై ఒకటి, పరగడుపు షుగరు.
సంచి బల్ల మీద పెడితే పత్రిక జారింది.
దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు,
“కండ్లకు ఆనుతలేదు. ఏదన్న ఒకటి చదువు బిడ్డా,
సూది తెలువకుంట.”

ఏదన్న ఒకటి!

పిడికిలి బిగించండి, అంటాను,
బిగిస్తారు.
వదలండి, అంటే మాత్రం
కొందరికి టైం పడుతుంది…

మొదటి పాదానికే ఆయన నిజంగా బిగించాడు.
బ్యాండు కట్టి, దూది రాసి, నరం వెతుకుతూ
చదువుతూనే ఉన్నాను.
నెత్తురు గొట్టంలోకి వచ్చాక ఆయన అన్నాడు,
“పుస్తకం బల్ల మీద ఉన్నది,
నువ్వు నా చెయ్యి చూసుకుంట చదువుతున్నవేంది?”

చెవులు వేడెక్కాయి.
“ఎవరు రాసిండ్రు?”
“పమీలట.”
“నీకు ఎరికేనా ఆమె?”
“కొంచెం.”
“వదులుమని ఇంకా అనకపోతివి” అని
ఆయనే నెమ్మదిగా వేళ్లు విప్పాడు.

కింద, మెట్ల మీద కూర్చుని
గొట్టాల మీద రాసే నల్ల పెన్నుతో
‘ప’ కింద ఒక క్రావడి గీశాను. ఒక్క కాపీలోనే.
సిరా అవతలి పేజీలోకి దిగింది,
అక్కడ ఎవరిదో కథ,
ఒక మాట నడుమ నల్ల చుక్క పడింది.
ఎవరో మీరు, ఇవాళ ఏ వంతెన కింద
కాలు నేలకానించి వెతుక్కుంటున్నారో.
ఏమనుకోకండి.

ఏడున్నరకి శివం రోడ్డు.
అదీ పరగడుపే.