చేపల్లేని సముద్రం

కురుపాం మార్కెట్ వెనక, దస్తగిరి కొట్లో
తూకం రాళ్ళకీ తుప్పు పట్టిన ఫ్యాన్ రెక్కలకీ మధ్య
నిలబెట్టిన గ్రామఫోను ప్లేట్లు.
ఒక్కొక్కటీ వేలితో వెనక్కి వాలుస్తాను.
ముప్పై రెండేళ్ళు పోర్టులో టాలీ రాసిన వేలు,
దిగిన బస్తా, ఎక్కిన బస్తా,
తొందరపడదు.

భక్తి గీతాలు. పోనీ.
సినిమా డైలాగులు. పోనీ.
ఇదిగో, ఇక్కడ ఆగుతుంది.
అట్ట మీద వెదురు తడికలు, ఎర్రగా పొగ కక్కే కొండ,
చెవిలో పువ్వు పెట్టుకున్న పిల్ల.
పువ్వు ఆమె చెవిలోనే ఉంది గానీ
పెట్టింది మాత్రం నాకు.

"ఏటి బాబూ, సీమ సరుకు, మూడొందలు."
"లోపల ప్లేటుందో లేదో చూశావా?"
"అట్టకే మూడొందలు."
నలభై తగ్గించి, కొసరుగా
మూత లేని సూదుల డబ్బా ఒకటి చేతిలో పెట్టాడు.

లోపలి కాగితం మీద ఏదో ఓడ ముద్ర,
కింద నీలం సిరాతో ఇంగ్లీషులో
'భోజనాల గది నుంచి బయటికి తీసుకుపోరాదు' అని.
తీసుకుపోయారు.
ఎన్ని రేవులు తిరిగి ఇక్కడ దిగిందో
ఆ రోజు టాలీ పుస్తకంలో ఉండదు.

సోల్జర్‌పేటలో ఐరిస్ డిక్రూజ్ గారు
భర్త ప్లేట్లన్నీ నాకమ్మి ఒక్కటి ఉంచుకుంది.
"వచ్చే క్రిస్మస్‌కి ఇస్తాన్లే" అనేది, ఏడు క్రిస్మస్‌లు.
ఆవిడ పోయాక మేనకోడలు అట్ట తెచ్చిచ్చింది.
ఖాళీ అట్ట.
ప్లేటేదని నేనడగలేదు.

ఈ ఊరి ఉప్పు గాలికి ప్లేట్లకి బూజు పడుతుంది.
ఆదివారం బకెట్లో రెండు చుక్కల సబ్బు,
పాత పంచె ముక్క,
కడిగినవి గిన్నెల స్టాండులో, కంచాల పక్కన.
"తినే ప్లేట్లు ఆరు,
తినని ప్లేట్లు నాలుగొందలు"
అంటుంది సీతారత్నం, ఎవరొచ్చినా.

ఎక్కడో మంచు కురిసే ఊళ్ళో, తలుపులు బిగించిన గదిలో,
కోట్లు తొడుక్కున్న కొందరు
వెదురు బద్దల్నీ ఇనప పట్టీల్నీ కొట్టి కొట్టి
ఒక ద్వీపాన్ని తయారు చేశారు.
అందులో ఒకడి పనల్లా పిట్టలా అరవడం.
అవసరమైతే కప్పలా కూడా.
కూలీ ఎంతిచ్చారో.
వాళ్ళలో ఒక్కడైనా సముద్రం చూశాడో లేదో.

నేను రోజూ చూశాను.
బొగ్గు తిన్న సముద్రం,
ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి
ఇనప రంగుకి తిరిగే సముద్రం.
అందుకేనేమో ఆ రెండోది కావలసొచ్చింది,
అరగంటకొకసారి తిరగేసి వేసుకునేది.

హుద్‌హుద్ అని, పిట్ట పేరు పెట్టుకునే వచ్చింది తుఫాను.
కిటికీ అద్దాలు పోయాయి.
నాలుగొందల ప్లేట్లని మంచం ఎక్కించి
మేమిద్దరం మంచం కింద.
మర్నాడు దులిపితే అట్టల్లోంచి ఇసక.
ఇప్పటికీ ఒకదాంట్లో, మూడో పాట గాడిలో,
రేణువొకటి ఇరుక్కునుంది.
కూసిన పిట్టే కూస్తుంది, కూస్తుంది, కూస్తుంది,
నేను లేచి వేలితో తోసేదాకా.

కింద వాచ్‌మన్ మైలపల్లి లచ్చన్న
ఒకప్పుడు పడవ మనిషి.
మొన్న కరెంటు బిల్లివ్వడానికొచ్చి గుమ్మంలో కూచున్నాడు.
"ఇది పిట్ట కాదు బావూ, మనిసి."
"ఎలా తెలిసింది?"
"మద్దెలో ఊపిరి తీసుకుంతన్నాడు కదా."
పాట సగమయ్యాక మళ్ళీ తనే,
"సముద్రం బాగానే ఉంది గానీ
సేపల్లేవు."

పాటైపోయింది. సూది ఆఖరి గాడిలో పడి
ఉస్సుమని, చిటపటమని,
ఉస్సుమని.
ఎత్తేద్దామని లేచాను.
లచ్చన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు.
"ఉండు బావూ.
ఇప్పుడొచ్చింది."

ఉంచాను.
సూది అరిగిపోతుందని తెలిసి కూడా.