నది దాటితే గంట పోతుంది

వంటింటి బల్ల మీద పటం పరిచాం.
నాలుగు మూలలా నాలుగు బరువులు:
ఉప్పు జాడీ, ఒటీలియా కళ్ళజోడు,
ఒక సార్డీన్ చేపల డబ్బా, నా మోచెయ్యి.

ముప్పై ఒక్కేళ్ళు ఈ తీరం వెంటే బస్సు నడిపాను.
వియానా నుంచి పోర్తో, పోర్తో నుంచి వియానా.
సముద్రం పొద్దున నా కుడి చెవికి,
మధ్యాహ్నం ఎడమ చెవికి.
కోట దగ్గర రెండు నిమిషాలు ఆగేవాణ్ణి.
లోపల ఏముందో దిగినవాళ్ళకి తెలుసు.
నాకు తెలిసిందల్లా, దాని నీడ
ఏ నెలలో ఏ వేళకి నా అద్దం మీద పడుతుందో.

"ఈసారి దిగుదాం," అంది ఒటీలియా.

ఆ మాట చాలాసేపు బల్ల మీదే ఉండిపోయింది,
భోజనాలయ్యాక ఎవరూ తియ్యని పళ్ళెంలాగ.

ఎర్ర పెన్సిలు ఆమెదే.
మొదట పోవువా. అక్కడ చర్చిలో ఒక పాత బల్ల మీద
ఆమె ముత్తాత కత్తితో చెక్కిన గుర్తు ఉందట.
అక్షరం రాని జాలరి సంతకం,
వలకీ అదే, పడవకీ అదే, సమాధికీ అదే.
పెద్ద కొడుకులకి తలా ఒక గీత కలిపేవాళ్ళు.
కడగొట్టువాడికి మాత్రం తండ్రి గుర్తు ఉన్నదున్నట్టు.
"మాకు మూడు గీతలు కలిశాయి," అని
రొట్టె పిండి మీద వేలితో గీసి చూపించి
ఆ చేత్తోనే పిండి కలిపేసింది.

తర్వాత పెన్సిలు గబగబా దిగింది కిందికి,
ఉప్పు మళ్ళు, చేపల రేవులు, తెల్లసున్నం ఊళ్ళు.
పెనీష్ దగ్గర ఆగింది.
నియంత కాలంలో జైలు ఆ కోట. ఇప్పుడు మ్యూజియం.
టికెట్ ఎంతో చూడమంది. చూసి చెప్పాను.
"మా నాన్న రెండు చలికాలాలు
ఊరికే ఉన్నాడక్కడ," అంది.
నవ్వాలో కూడదో తెలియక
పటం మడత సరిచేశాను.

లాగుష్ నా వంతు.
మనుషుల్ని తెచ్చి అమ్మిన చోటు ఉందక్కడ.
చిన్నప్పుడు బళ్ళో మాష్టారు నిద్దట్లో లేపి అడిగినా
ఏ ఓడకి ఎన్ని తెరచాపలో చెప్పేవాణ్ణి.
ఓడ అడుగున ఎవరున్నారో
ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు.
అరవై తొమ్మిదేళ్ళ వాణ్ణి,
ఇప్పుడు వెళ్ళి ఆ చోట కాసేపు నిలబడాలని ఉంది.
ఆమె మాట్లాడకుండా చుట్టూ సున్నా చుట్టింది.

అసలు పేచీ గ్వాదియానా నది దగ్గర.
పడవలో పావుగంట. అవతల స్పెయిన్.
కానీ ఆ ఒడ్డున గడియారం గంట ముందుంటుంది.
పదకొండున్నరకి ఎక్కితే
పన్నెండుముప్పావుకి దిగుతాం!
జీవితమంతా నిమిషాలకి సంజాయిషీ ఇచ్చుకున్నవాణ్ణి,
ఆ గంటని ఏ గడిలో రాయను?
"తిరిగొచ్చేటప్పుడు ఇచ్చేస్తారుగా."
"తిరిగొచ్చేది కాదిస్ నుంచి బస్సులో, వంతెన మీద.
అక్కడ బస్సు ఆగదు. ఎక్కడిస్తారు?"
"కిటికీలోంచి చెయ్యి చాపు."

ఒక్కటే షరతు పెట్టాను,
డ్రైవరు వెనక సీటు మాత్రం వద్దని.
అక్కడ కూచుంటే నా కాలు ఊరుకోదు,
ప్రతి మలుపులో లేని బ్రేకు తొక్కుతుంది.
సముద్రం వైపు కిటికీ నాకే కావాలన్నాను.
"ఇన్నేళ్ళు చూశావుగా?"
"రోడ్డు చూశాను."

ఆకలేసి, మూల మీది డబ్బా తెరిచాం.
బరువు పోగానే పటం కాదిస్ వైపు నుంచి చుట్టుకుంది,
చేత్తో నొక్కి పట్టుకుని తిన్నాం.
నూనె చుక్క ఒకటి దక్షిణాన నీళ్ళలో పడింది.
సముద్రమే కదా అని తుడవలేదు.

తెల్లారి చూస్తే మరక
నీళ్ళు దాటి, ఇసుక దిబ్బలు దాటి,
తవీరా దాకా పాకింది.
మా ఇద్దరి జాబితాలోనూ లేని ఊరు.
ఒటీలియా కళ్ళజోడు తుడుచుకుని,
మరక అంచు వెంట పెన్సిలుతో గీసి,
పక్కన రాసింది:
రెండు రాత్రులు.