పిల్లికూతలు ఆగినప్పుడు

బ్రిడ్జ్‌టౌన్‌లో మా ఎమర్జెన్సీకి ఎడంపక్క
ఉబ్బసానికని విడిగా ఒక గది.
పన్నెండు కుర్చీలు. మంచం ఒక్కటీ లేదు.
వెల్లకిలా పడుకుంటే ఊపిరాడనివాళ్ళకి
మంచంతో పనేముంది?

పొద్దున్నే సూర్యుడు
విరిగిన పాలలా సముద్రం మీదికి లేస్తే
నాకు తెలిసిపోతుంది,
రాత్రికి ఆ పన్నెండూ చాలవని.
సహారా దుమ్ము దిగిందన్నమాట.
ఆరేసిన దుప్పట్ల మీద, సీమపనస ఆకుల మీద,
నా పాత టొయోటా అద్దం మీద
ఇటుకపొడి జల్లెడ పట్టినట్టు.
అన్ని వేల మైళ్ళ నీళ్ళు దాటి వచ్చి
ఒక్క రేణువూ తడవదు!

మా దగ్గర లెక్కంతా మాటల్లో.
ఒక ఊపిరికి ఎన్ని మాటలు?
వాక్యం పూర్తిచేసేవాళ్ళు కూర్చోవచ్చు, టీవీ చూడొచ్చు.
మూడేసి మాటలైతే మాస్కు, నెబ్యులైజరు.
ఒక్కో మాటే అయితే
నా చెప్పుల చప్పుడు మీకు వినిపిస్తుంది.

డ్రైవరు ఎవర్టన్ గిటెన్స్ యూనిఫాంతోనే వచ్చాడు,
బస్సు గేటు దగ్గరే ఆపి.
ప్రయాణికుల్లో ఇద్దరు అతనితోపాటే దిగి
కుర్చీలు పట్టుకున్నారు.

చెరుకు నరికి నరికి వేళ్ళు కొడవళ్ళలా వంగిపోయిన
డార్న్లీ యాపిల్‌వైట్ తాత
మాస్కు పక్కకి లాగి:
"ఇది ఉత్త
దుమ్ము కాదమ్మా.
మా ముత్తవ్వకి
ముత్తవ్వ పుట్టిన
నేల. మమ్మల్ని
వెతుక్కుంటూ..."
"వెతకనీ తాతా. ముందు మాస్కు."

తొమ్మిదేళ్ళ షనీకా బ్లాకెట్. ఒక కాలికే బూటు.
రెండో బూటు పట్టుకుని వెనకాలే తమ్ముడు.
డొక్కలు ఎగరేస్తోంది. మెడగుంట లోపలికి పీక్కుపోతోంది.
రొమ్ములో గంపెడు పిల్లులు.
ఒక డోసు. రెండు. మూడో డోసు.
పదకొండూ నలభైకి తల్లి నా చెయ్యి పట్టుకుంది:
"కూతలు ఆగిపోయాయి సిస్టర్. తగ్గినట్టే కదా?"

స్టెతస్కోపు పెట్టాను.
ఎడమ. కుడి. వీపు.
రొమ్ము లేస్తోంది, పడుతోంది,
గాలి మాత్రం లేదు.
అద్దెవాళ్ళు రాత్రికి రాత్రి ఖాళీ చేసిన ఇల్లు.

ఇరవై రెండేళ్ళ సర్వీసులో
నేను అరిచింది తక్కువ.
"డాక్టర్ ఐఫిల్!"

తర్వాత జరిగింది నా చేతులకి తెలుసు, నాకు కాదు.
నరం దొరికింది. తొడలో సూది.
మెగ్నీషియం చుక్క చుక్కగా.
టీవీ ఎవరో ఆపేశారు.
మిగతా పదకొండుమందీ, అసలే ఆయాసపడేవాళ్ళు,
ఆ పిల్ల కోసం ఊపిరి ఉగ్గబట్టారు.
తిట్టాను. వదలండి, మీకు పుణ్యముంటుంది,
ఇంకో పదకొండు సూదులు నా దగ్గర లేవు.

పన్నెండూ ఇరవైకి
ఎడమవైపు, అడుగున, ఎక్కడో
కళ్ళింకా తెరవని పిల్లికూన ఒకటి
సన్నగా కూసింది.
పక్కన ఇంకొకటి.
మళ్ళీ మొదలైందని తల్లి ఏడ్చింది.
ఏడవకమ్మా, ముందు ఇల్లంతా పిల్లులు నిండాలి,
పోయేటప్పుడు ఒక్కొక్కటే పోతాయి.

తెల్లారి పంపేటప్పుడు అందరికీ ఒకటే పాఠం:
లోపలున్నది ముందు వదలండి, పూర్తిగా,
అప్పుడు పఫ్ నొక్కి పీల్చండి.
ఎంత చెప్పినా
పీల్చడానికే తొందర.

యాపిల్‌వైట్ తాత కప్పు కింద పెట్టాడు.
"యాభై ఏళ్ళు ఈ దీవికి చెరుకు నరికి పోసినవాడికి
చెంచాడు చక్కెర వెయ్యకుండా టీ ఇస్తారా సిస్టర్?"
ఒక్క ఊపిరిలో పదమూడు మాటలు.
డిశ్చార్జి అని రాశాను.
చక్కెర తెచ్చాను.

బయట నా కారు ముందద్దం మీద
ఎర్రదుమ్ములో ఎవరో వేలితో షనీకా అని రాశారు,
ఒక అక్షరం తలకిందులుగా.
పక్కన బానెట్ మీద చిన్న బూటొకటి.

గేటు దాకా ఆ అక్షరాల సందుల్లోంచే
దారి చూసుకుంటూ పోయాను.
అక్కడ ఆపి, నీళ్ళు పోసి కడిగి,
బూటు పట్టుకుని
మళ్ళీ లోపలికి.