ఇసుక పాళ్లు

గ్యూమ్రీలో భూమి కంపించి పదేళ్లు.
సతేనిక్ కాపురం ఇంకా రేకుల డబ్బాలోనే.
గోడకి తాడుతో కట్టిన సిలువ,
కిటికీకి లోపలి వైపు కూడా మంచు.

రోజూ ప్రభువు ప్రార్థన మొదలుపెడుతుంది.
అప్పులు క్షమించే వాక్యం రాగానే
నాలుక తడబడి, దాన్ని దాటేసి
ఆమెన్ అనేస్తుంది,
అప్పులవాడి గుమ్మం తప్పించుకు పోయినట్టు.

ఒక పాలు సిమెంటుకి పది పాళ్ల ఇసుక
కలిపించిన మేస్త్రీ హ్రాంత్
రొట్టెల వరసలో ఆమె ముందే నిలబడతాడు.
వహాన్ చదివిన బడి అతను కట్టిందే.
వహాన్‌కి తొమ్మిదేళ్లు. ఇప్పటికీ తొమ్మిదే.

ఈ ఫిబ్రవరిలో
అతని చెయ్యి వణికి రొట్టె బురదలో పడింది.
వంగబోయి, వంగలేకపోయాడు.
వరసలో ఎవరూ కదల్లేదు.
ఆమె వంగింది.
తన రొట్టె సగానికి చించి అతని చేతిలో పెట్టింది.
"మీ బాబు..." అన్నాడు.
ఆపైన ఇద్దరికీ మాట రాలేదు.

ఎందుకిచ్చావని పక్క డబ్బా అనూష్ నిలదీసింది.
చెప్పడానికి సమాధానం లేదు.
లోపల మాత్రం ఉంది.

ఆ రాత్రి ప్రార్థన ఎక్కడా ఆగలేదు.
అదే డబ్బా, అదే ఈదర.
కాళ్లు బారచాపి పడుకుంది.